బొంత కిందిదిక్కు

సోమవారం పొద్దున్నే తారాబాయి కుట్టుమిషిని తిట్లు తినుడు మొదలువెట్టింది. గల్లీలకు ఇంకా పాలు కూడ రాలే.

మీదికెల్లి చూస్తే కుట్టు బాగనే ఉన్నది. బొంత తిప్పి చూస్తే మాత్రం కిందిదిక్కు దారం సేమ్యా ఉండ లెక్క గుత్తులు గుత్తులుగ పడ్డది. చిటికెనవేలు పెడితే దూరేటంత ఉచ్చులు. ఒకటి కాదు, రెండు కాదు, కుట్టు సాలు పొడుగూతా అదే కథ.

“నీ నోట్ల మన్నువడ! నిన్ను తూకానికి అమ్మ! నీ చక్రం పీకి బాయిల వడెయ్య!” అని తారాబాయి తిడుతుంటే, లోపలి అర్రలకెల్లి బిడ్డ శిరీష, “అవ్వా, నెమ్మది. పిల్ల ఇప్పుడే పండుకున్నది,” అన్నది.

“పండుకోనియ్. పండుకునేటందుకే గద ఈ తిప్పలన్ని.”

శిరీష కాన్పుకు బోధన్ల తల్లిగారింటికి వచ్చి, ఆడపిల్లను కని, ఆ దినానికి పద్దెనిమిది రోజులు. ఇంక మూడు దినాలకు, బేస్తవారం, పిల్లను తొట్టెల వేసుడు. వాళ్ల ఇండ్లల్ల ఒక కట్టుబాటున్నది. మొట్టమొదలు తొట్టెల పరిచేటిది అమ్మమ్మ కుట్టిన బొంతనే కావాలె. ఇంట్ల పెద్దోళ్లు కట్టి కట్టి మెత్తవడ్డ నూలు చీరలు ముక్కలు చేసి, ముక్కకు ముక్క అతికి, లోపల నాలుగు పొరలు పెట్టి, సాళ్లు సాళ్లుగ కుట్టిన బొంత. ఆ గడియకు అమ్మమ్మ బొంత తయారు లేదంటే, నాయినమ్మ తెచ్చిన బట్ట పరుస్తరు. ఒక్కపారి పరిచిండ్రంటే అయిపోయినట్టే. ఆ పిల్ల పండ్లూడి ముసలిదయ్యేదాంక, “నిన్ను తొట్టెల పండవెట్టింది మేము” అని ఆ దిక్కోళ్లు చెప్పుకుంటనే ఉంటరు.

ఆ దిక్కోళ్లంటే నిజామాబాద్‌ల ఉండే వియ్యపురాలు చంద్రవ్వ. ఆమె మొన్ననే ఫోన్ చేసింది.

“వొదినె, బొంత ఎంతదాంక వచ్చింది? నీ చేతులు మొదలే బాగలేవు, తిప్పలు వడకు. మా కొడుకు ప్రశాంత్ మింక్ బ్లాంకెట్ తెచ్చిండు. గులాబి రంగు. ముట్టుకుంటె కుందేలు పిల్ల లెక్కుంటది.”

“గీ ఎండల కుందేలు పిల్లను పరుచుకుంటె చెమటకాయలొస్తయ్ వొదినె. దాన్ని నువ్వే పరుచుకో.”

“సరె తియ్. ఎందుకైనా మంచిది, సంచిల పెట్టుకొనే వస్త.”

ఆ సంచి మాట తారాబాయి చెవుల ముల్లు లెక్క గుచ్చుకున్నది. నలభై ఏండ్ల నుంచి ఆ ఇంటి ఆడపిల్లలు కన్నోళ్లందరూ ఆమె బొంత మీదనే మొదటి నిద్ర పోయిండ్రు. అప్పుడు అన్ని చేతితోనే కుట్టింది. తారాబాయి తల్లి కుట్టిన బొంత ఒకటి ఎడ్లబండి మీద కప్పితే, రాళ్లవాన రాళ్లు దానికి తాకి ఎగిరి పక్కూరి జొన్నచేన్ల పడ్డయట; పంట పోయిందని ఆ ఊరోళ్లు పంచాయితికి వచ్చిండ్రట. తారాబాయి ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆ పక్కూరు ఒక కోసు దూరం జరుగుతది. గని చికెన్‌గున్యా వచ్చిపోయినంక ఆమె వేళ్లు సూది పట్టనిస్తలేవు. అందుకే ఈపారి మిషిని.

ఆ మిషిని ఇట్ల చేసింది.

బోధన్ల మిషిన్లు తెలిసిన మిస్త్రీలు ఇద్దరు. ఒకాయన కొడుకు పెండ్లికి నాందేడ్ పోయిండు. రెండో ఆయన పాత బస్టాండు ఎనుక ఉండే ఎజాజ్. ఎజాజ్ దుకాణం గడప తొక్కనని తారాబాయి మూడేండ్ల కింద ఒట్టు పెట్టుకున్నది. అప్పట్ల ఆయన కాడ మిషిని బాగు చేపిచ్చి, ఇంటికొచ్చినంక, “మిషిని లోపల తిరిగే అస్సలు షటిల్ గుంజుకొని రేకుది ఏసిండు” అని పక్కింటామెకు చెప్పింది. ఆ మాట గల్లీ తిరిగి, మార్కెట్ తిరిగి, ఎజాజ్ చెవుల పడే వరకు, తారాబాయి మిషిని మొత్తం మింగి కట్టెది ఇచ్చి పంపిండని అయింది. అప్పటి నుంచి ఇద్దరు ఎదురుపడితే ఒకరు రోడ్డుకు ఆ దిక్కు, ఒకరు ఈ దిక్కు.

అయినా ఏం చేస్తది? స్టాండు ఇంట్లనే ఉంచి, మిషిని తలకాయ ఆటోల పెట్టుకొని పోయింది.

“వచ్చినవా తల్లీ?” అన్నడు ఎజాజ్, చెవి మీదికెల్లి స్క్రూడ్రైవర్ తీసుకుంట. “షటిల్ దొంగ దుకాణం ఇదే. లోపలికి రా.”

“దొంగతోటి నాకేం పని? మిషిని తోటి పని. దించు.”

“నేను ముట్ట. రేపు తారాబాయి మిషిని మెడ విరగ్గొట్టిండని మార్కెట్ల చాటిస్తవ్. నువ్వే దించు.”

ఆటో ఆయన ఇద్దరి మొకాలు చూసి, తనే దించి బల్ల మీద పెట్టి, మారు మాట లేకుంట పోయిండు.

ఎజాజ్ కింది దారం ఉండే బాబిన్ డబ్బీ తీసి, దారం కొస పట్టుకొని గాలిల వేలాడదీసిండు. జర జర దిగాల్సిన డబ్బీ గోడకు కొట్టిన మేకు లెక్క ఉన్న కాడనే ఉన్నది.

“దీని స్క్రూ ఎవరు బిగిచ్చిండ్రు?”

“నేనే. ఉచ్చులు కింద పడుతున్నయ్ గద. కిందనే బిగిచ్చిన.”

“కింద ఉచ్చులు పడ్డయంటే తప్పు మీదిది, అక్కా. మీది దారాన్ని పట్టేటోడు లేక అది ఉరికి ఉరికి కిందికి దుంకుతున్నది. కింది దారం పాపం దాని పనిల అది ఉన్నది. నువ్వు పోయి దాని మెడ పిసికినవ్.”

“కింద చెడితె మీద చూసుడేంది? కాలు నొస్తె నెత్తికి కట్టు కడ్తవా?”

“ఇంట్ల బండలు తడిస్తె బండలు పీకుతవా, కప్పు చూస్తవా?”

“నా ఇల్లు ఉరువది.”

“నీ నోరైతే ఉరుస్తనే ఉంటది.”

దుకాణంల జాకెట్ల మిషిని కోసం వచ్చిన ఆమె కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. తారాబాయి ఆమె దిక్కు చూసిన చూపుకు ఆ నవ్వు అక్కడనే సచ్చింది.

ఎజాజ్ మిషిని మొకం మీద ఉండే రెండు గుండ్రటి బిళ్లలు చూపిచ్చిండు. మీది దారం ఆ రెండింటి నడుమకెల్లే పోవాలె. అవి ఒత్తి పట్టుకుంటేనే కుట్టు బిగుతుగ వస్తది. ఆయన బట్టపీలిక గ్యాస్‌నూనెల, అదే కిరోసిన్ల, ముంచి బిళ్లల నడుమ గుంజిండు. పీలిక నల్లగ, జిగట జిగటగ బయటికొచ్చింది.

“నూనె పోసినవ్ ఈడ.”

“పొయ్యలే.”

“మరి ఇదేంది, నెయ్యా?”

“నా మనుమరాలి మీద ఒట్టు. చుక్క నూనె పొయ్యలే.”

“యా అల్లా! పసిపిల్ల మీద ఒట్టేసి అబద్ధం చెప్తున్నవ్. నీకు నోరెట్ల వస్తున్నది?”

“షటిల్ మింగినోనికి అరిగినట్టు నాకు అబద్ధం అరుగది. పొయ్యలే అంటే పొయ్యలే.”

ఆమె నూనె పొయ్యని మాట నిజం. ఆయన బిళ్లలల్ల జిగట ఉన్నదన్న మాట నిజం. రెండు నిజాలు బల్లకు ఆ దిక్కొకటి ఈ దిక్కొకటి నిలవడి గంటసేపు కొట్లాడినయ్.

ఎజాజ్ బిళ్లలు తుడిచి, డబ్బీ స్క్రూ వదులు చేసి, తన రీలు దారం ఎక్కిచ్చి, చింపిరి బట్ట మీద జానెడు కుట్టిండు. మీద ఎట్లున్నదో కింద అట్లనే ఉన్నది, నువ్వుగింజలు వరుసగ పేర్చినట్టు. తారాబాయి బట్ట తిప్పి చూసి, మల్ల తిప్పి చూసి, వంక దొరుకక, “నీ దుకాణంల నీ మాట ఇంటది. ఇంటికి పోతె గద తెలిసేది,” అని లేచింది.

ఇంటికి పోయినంక తెలిసింది.

ఇంటికి పోంగనే ఆమె చేసిన మొదటి పని, నీళ్లకుండ పక్కన తడిబట్టల చుట్టిపెట్టిన మైనం ముద్ద తీసుడు. నందిపేట్ దిక్కు గోదారి ఒడ్డు చెట్లల్ల పట్టిన తేనెపట్టు మైనం. చేతిబొంత కుట్టేటోళ్లు ఎవరైనా సరే, దారాన్ని మైనం మీద రెండు పార్లు గుంజనిది సూదికి ఎక్కియ్యరు. దారం బలం పడుతది, పురి విడువది, పాత చీరలకెల్లి సుతారంగ జారుతది. తారాబాయికి అది తల్లి నేర్పింది. మిషినికి గూడ ఆమె అదే పద్ధతి పెట్టింది. స్టాండు మీద రీలు పక్కన మైనం ముద్దకు గాడి చేసి, ఆ గాడికెల్లి దారం పోయేటట్టు దస్తీతోటి కట్టింది. ఎండకు కరుగుతదని, ఆటోల పోతె పాడైతదని దుకాణానికి మాత్రం ఎన్నడు కొంచవోలే. ఇంకొక కారణం, ఎజాజ్ కండ్ల పడితె దాన్ని గూడ మింగుతడని.

రెండు సాళ్లు ముత్యాల లెక్క వచ్చినయ్. మూడో సాలు నడుమల మిషిని చప్పుడు మారింది. బొంత తిప్పి చూస్తే సేమ్యా.

మంగళవారం తారాబాయి ఎజాజ్ దుకాణం ముందట ఆటో దిగక ముందే మొదలు వెట్టింది. బస్టాండుల రెంజల్ బస్సు కోసం నిలవడ్డ జనం గూడ ఇటు తిరిగి చూసిండ్రు.

“ఓ ఎజాజూ! నీ బాగు నీ గడప దాంకనేనా? నీ దుకాణంల కుడ్తది, నా ఇంట్ల ముడివెడ్తది! ఏం మందు పెట్టినవ్ దీనికి?”

“మందు నా మిషినికి గాదు, నీ ఇంటికి పెట్టాలె. నీ ఇంట్ల దయ్యమున్నది.”

“ఉంటె నీ అసుంటిదే ఉంటది, స్క్రూలు వదులు చేసేది.”

ఎజాజ్ మొకం ఎర్రవడ్డది. మిషిని తలకాయ ఎత్తి దుకాణం బయట మెట్టు మీద పెట్టిండు. “బస్. నిజామాబాద్ తీస్కపో. అక్కడ పెద్ద పెద్ద మిస్త్రీలున్నరు, నీ నోటికి తాళం ఏసేటోళ్లు.”

“పోను,” అని తారాబాయి మిషిని పక్కనే మెట్టు మీద కూసున్నది. చెంగు బిగిచ్చి, కాళ్లు చాపి, దుకాణానికి అడ్డంగ. వచ్చే గిరాకీ ఆమెను దాటలేక ఎనుకకు పోవుడు మొదలువెట్టిండ్రు. ఒకామె దాటవోతే, “నా కాలు తొక్కినవంటె నీ రవికె కొలతలు అందరి ముందట చదువుత,” అన్నది. ఆమె కొలతలు ఈమెకు తెలువయ్. తెలుసునేమో అన్న భయానికి ఆ మనిషి మళ్లి చూడకుంట పోయింది.

అరగంటకు ఎజాజ్ పండ్లు కొరుక్కుంట మిషిని లోపలికి తెచ్చిండు. కొత్త సూది ఏసిండు. షటిల్ తీసి గీతలున్నయేమో గోటితోటి రాసి చూసిండు. బిళ్లలు ఇప్పి చూస్తే మల్ల అదే జిగట.

“నిన్ననే తుడిచిన. ఒక్క దినంల ఇంత నూనె ఎట్లొచ్చింది? చెప్పు! నన్ను బద్నాం చేసెటందుకు కావాలనే పోస్తున్నవా?”

“నేను నా మనుమరాలికి బొంత కుట్టుకుంటున్ననా, నీకు బద్నాం కుట్టుకుంటున్ననా?”

“రెండూ కుడ్తున్నవ్. బద్నామే బాగ కుడ్తున్నవ్, దానికి ఉచ్చులు వడ్తలేవు.”

మల్ల తుడిచిండు. మల్ల బాగనే కుట్టింది. మల్ల ఇంటికి పోయినంక, రెండు సాళ్లకు, సేమ్యా.

బుధవారం పొద్దున తారాబాయి మిషిని ముందట కూసొని ఏడ్వలే గని, ఏడ్చినంత పని చేసింది. సగం బొంత ఇంక కుట్టనే లేదు. కుట్టిన సగంల పదకొండు సాళ్లు ఉచ్చులే. లోపల పిల్ల ఏడుస్తున్నది. నిజామాబాద్‌ల సంచిల కుందేలు పిల్ల తయారుగున్నది. శిరీష తల్లికి చెప్పకుంటనే ఎజాజ్‌కు ఫోన్ చేసింది.

“చాచా, మా అవ్వ నోరు మంచిది గాదు. నాకు తెలుసు. జర ఇంటికొచ్చి చూసిపో. రేపే తొట్టెల.”

“నీ తల్లి కోసం రాను బిడ్డా. బస్టాండు ముందట నా పేరు పోయింది. దాని కోసం వస్త.”

స్కూటర్ మీద వచ్చి, చెప్పులు గడప కాడ ఇడిసి, తారాబాయి దిక్కు చూడకుంట స్టాండు ముందట నిలవడ్డడు. “కుట్టు,” అన్నడు.

“నువ్వు బాగు చెయ్యి, తరువాత కుడ్త.”

“నేను ముట్ట. రోజు ఎట్ల కుడ్తవో అట్ల కుట్టు. మొదటికెల్లి. రీలు పెట్టుడు కాడికెల్లి.”

తారాబాయి లేచి నీళ్లకుండ కాడికి పోయింది. తడిబట్ట ఇప్పి మైనం ముద్ద తెచ్చింది. స్టాండు మీద పెట్టి దస్తీతోటి కట్టి, రీలు దారం దాని గాడికెల్లి గుంజి, బిళ్లల దిక్కు తిప్పవోయింది.

ఎజాజ్ ఆమె చెయ్యి ముందట తన చెయ్యి అడ్డం పెట్టిండు.

“గిదేంది?”

“మైనం.”

“మైనమని నాక్కూడ కండ్లున్నయ్. ఈడ ఏం పని దానికి?”

“దారానికి. చేతిబొంత కుట్టిననాటి నుంచి ఉన్నదే. మా అవ్వ పెట్టింది, వాళ్లవ్వ పెట్టింది. బలానికి.”

ఎజాజ్ బిళ్లల నట్టు ఇప్పి, రెండు బిళ్లలు అరచేతుల పెట్టుకొని, జిగటను గోటితోటి గీకి, ముక్కు కాడ పెట్టుకొని, తరువాత ఆ గోరు తారాబాయి ముక్కు కాడ పెట్టిండు.

తేనె వాసన.

తారాబాయి వెనుకకు జరుగలే. గని ఆమె మొకంల ఒక్కొక్క సాలు ఇప్పుకుంట పోయినట్టు అయింది. సోమవారం తిట్టినయి, మంగళవారం తిట్టినయి, మెట్టు మీద కూసున్నది, పిల్ల మీద పెట్టిన ఒట్టు, అన్ని ఒక్కపారి గుర్తుకొచ్చినయ్.

“చేతిసూదికి బిళ్లలుండయ్, అక్కా,” అన్నడు ఎజాజ్. గొంతుల దయ లేదు గని, అరుపు గూడ లేదు. “అక్కడ నీ వేళ్లే బిళ్లలు. మైనం వేళ్లకు అంటితె కొంగుకు తుడుస్తవ్. దీనికి కొంగు లేదు. మైనం బిళ్లలల్ల పేరుకుంటది, దారం నూగు దాని మీద అంటుకుంటది, రెండు బిళ్లలు దగ్గరికి రావు. దారాన్ని పట్టేటోడుండడు. ఇంక గీ ఎండకు మెత్తవడి మరింత జారుతది. రెండు సాళ్లు ఎందుకు బాగ వస్తున్నయంటె, అంతదాంక నేను తుడిచిన శుభ్రం పనిచేస్తున్నది.”

“మా అవ్వ పద్ధతి తప్పంటవా?”

“మీ అవ్వ పద్ధతి మీ అవ్వ సూదికి సక్కనిది. మిషిని మీ అవ్వను చూడలే.”

లోపలికెల్లి శిరీష కిసుక్కున నవ్వింది. తారాబాయి, “పిల్లకు పాలియ్యి పో!” అని అరిచింది. ఎవరి మీదనో ఒకరి మీద అరవాలె గద.

ఎజాజ్ మైనం ఎక్కిన బాబిన్లన్ని పక్కకు పడేసిండు. బిళ్లలు గ్యాస్‌నూనెతోటి కడిగి, పొడిబట్టతోటి తుడిచి బిగిచ్చిండు. తన జేబులకెల్లి కొత్త రీలు తీసిండు.

“దారం ఎక్కిచ్చేటప్పుడు, బట్టను ఒత్తిపట్టే ఈ పాదం పైకి లేపు. లేపితెనే బిళ్లలు నోరు తెరుస్తయ్, దారం లోపలికి పోతది. ఎక్కిచ్చినంక పాదం దించి గుంజి చూడు. గట్టిగ రావాలె. వదులుగ వచ్చిందంటే కుట్టకు, నన్ను తిట్టకు.”

తారాబాయి పాదం లేపింది, దారం ఎక్కిచ్చింది, దించింది, గుంజింది. గట్టిగ వచ్చింది. ఒక సాలు కుట్టి తిప్పి చూసింది. నువ్వుగింజలు.

“చాయ్ తాగి పో,” అన్నది, ఆయన దిక్కు చూడకుంట.

“వద్దు. నీ ఇంట్ల చాయ్‌ల గూడ మైనం ఉంటది,” అని ఎజాజ్ చెప్పులేసుకున్నడు. “బస్టాండు ముందట అరిచినవ్ గద. ఇప్పుడు నిజం తెలిసింది. అదే బస్టాండు ముందట చెప్తవా?”

“నీకు పనిలేదా? పో.”

“చెప్పవని తెలుసు,” అని స్కూటర్ తన్నిండు.

పొద్దుగూకేదాంక తారాబాయి తొక్కుతనే ఉన్నది. మిగిలిన సగం అంత తేట కుట్టు పడ్డది. ఇంక ఆ పదకొండు సాళ్లు ఇప్పి మల్ల కుట్టుడు మిగిలింది. ఇప్పాలంటే బ్లేడు పట్టాలె, దారం కొసలు గోళ్లతోటి పట్టి గుంజాలె. తారాబాయి వేళ్లు అప్పటికే వంకాయల లెక్క ఉబ్బినయ్. ఒక సాలు మొదలువెట్టి ఇడిసిపెట్టింది. మీద బాగనే ఉన్నది గద, కింద ఎవరు చూస్తరు అనుకున్నది. అనుకొని, బొంతను ఉచ్చులు లోపలికి పోయేటట్టు నాలుగు మడతలు పెట్టి, పెట్టెల పెట్టింది.

బేస్తవారం చంద్రవ్వ పదిమందిని వెంటవెట్టుకొని దిగింది. చంకల సంచి. సంచి నోట్లకెల్లి గులాబి రంగు చెవి బయటికి తొంగి చూస్తున్నది. ఇంట్ల బగారన్నం వాసన గుమ్మంటున్నది. తొట్టెకు పూలు కట్టిండ్రు. తారాబాయి బొంత తెచ్చి, మీది దిక్కు మీదికి ఉండేటట్టు పరవవోయింది.

“ఆగు వొదినె, చూడనియ్,” అని చంద్రవ్వ బొంత కొస పట్టుకొని ఒక్కటే తిప్పుడు తిప్పింది. ఆడోళ్లందరు మెడలు చాపిండ్రు. చంద్రవ్వ చిటికెనవేలు ఒక ఉచ్చుల దూర్చి, బొంతను ఆ వేలుకే వేలాడదీసి అందరికి చూపిచ్చింది.

“ఇది బొంతనా వొదినె, మంజీర చేపల వలనా?”

ఎవరో నవ్విండ్రు. ఇంకెవరో, “మిస్త్రీ పాడు చేసి ఉంటడు. ఆ పాత బస్టాండాయననే గద? మొన్న కొట్లాట అయిందట,” అన్నరు.

“ఆ ఎజాజా?” అన్నది ఇంకొకామె. “ఆయన షటిల్లు మింగుతడట గద.”

మూడేండ్ల కింద తారాబాయి వదిలిన మాట తిరిగి తిరిగి ఆమె ఇంట్లకే వచ్చి, పీట ఏసుకొని కూసున్నది. ఊకుంటే చాలు. అవునని గూడ అనే పనిలేదు. తప్పంత పోయి పాత బస్టాండు ఎనుక పడుతది. బొంత పరుచుకోవచ్చు, మిస్త్రీని తిట్టుకోవచ్చు, అందరు ఆమె దిక్కే.

తారాబాయి శిరీష ఒళ్లె ఉన్న పిల్లను చూసింది. పిల్ల నిద్రల కాళ్లు ఆడిస్తున్నది. కాలివేళ్లు జొన్నగింజలంత ఉన్నయ్. చంద్రవ్వ చిటికెనవేలు పట్టిన ఉచ్చుల ఆ వేళ్లు అయిదూ పడతయ్. పడి, తిరిగి, బిగుసుకుంటె, మాట రాని పిల్ల ఏడుస్తది గని ఎందుకేడుస్తున్నదో ఎవరికి తెలువది.

చంద్రవ్వ చేతులకెల్లి బొంత గుంజుకున్నది.

“మిస్త్రీ ఏం చెయ్యలే. దారానికి మైనం పట్టిచ్చింది నేను. ఆయన మూడు పార్లు బాగు చేసిండు, నేను మూడు పార్లు చెడగొట్టిన. షటిల్ గూడ ఎవరు మింగలే, నోటికొచ్చింది అన్న.”

చంద్రవ్వ మొకం పున్నమి చంద్రుని లెక్క వెలిగింది.

“అయ్యో వొదినె, ఎంత మాట! సరె తియ్, వయసయింది, చేతులు బాగలేవు. బాధపడకు.” చెయ్యి సంచిలకు పోయింది. గులాబి బ్లాంకెట్ బయటికొచ్చింది. “పిల్లను ఇటియ్యి శిరీషా.”

తారాబాయి తొట్టె తాడు పట్టుకున్నది. రెండు చుట్లు చేతికి చుట్టుకున్నది.

“గడియ పన్నెండు దాంక ఉన్నదని అయ్యగారు చెప్పిండు. ఇప్పుడు పదిన్నర. అంతదాంక ఈ తొట్టెల చీమ గూడ పండది.”

“మీ బొంత తయారు లేదు గద!”

“ఉంటది. శిరీషా, బ్లేడు తే. మిషిని ఇటు గుంజు.”

“బువ్వ చల్లారుతది,” అన్నడు మగోళ్ల దిక్కుకెల్లి ఎవరో.

“చల్లారినంక తింటె మూతి కాలది,” అన్నది తారాబాయి.

తొట్టె తాడు మిషిని కాలుకు కట్టి, అందరి నడుమ నేల మీద కూసున్నది. ఉచ్చుల కింద బ్లేడు పెట్టి సర్రున కోసుకుంట పోయింది. ఉబ్బిన వేళ్లతోటి కొసలు పట్టి గుంజుతుంటే గోళ్ల కింద నెత్తురు మొలిచింది. ఎవరు సాయం వస్తమన్నా చెయ్యి తోసేసింది. చంద్రవ్వ చుట్టూ తిరుగుకుంట వినవడేటట్టే మాట్లాడింది. మా నిజామాబాద్‌ల ఇట్ల పిల్లను ఒళ్లె పెట్టుకొని కుట్టుపని చూడరన్నది. మా ఆకలి దేవునికెరుక అన్నది. ఇంతకన్న బజార్ల కొంటె మర్యాద మిగిలేదన్నది. తారాబాయి ఒక్కదానికి జవాబియ్యలే. ఆమె నోరు ఊకున్నది చూసి గల్లీ ఆడోళ్లకు చంద్రవ్వ మాటలకన్న దానికే భయమైంది.

పదకొండు సాళ్లు ఊడినయ్. మిషిని మీదికి ఎక్కింది. పాదం లేపి, దారం ఎక్కిచ్చి, దించి, గుంజి చూసింది. గట్టిగ వచ్చింది.

ఒక్కొక్క సాలు అయితాంటె చంద్రవ్వ వంగి కింద గోటితోటి గీరి చూసింది. ఎక్కడన్నా ఒక్క ఉచ్చు గోటికి తగులుతదేమోనని. మూడో సాలు, అయిదో సాలు, ఎనిమిదో సాలు. తగులలే. పదకొండోది అయ్యేసరికి ఆమె గోరే అరిగింది.

“ఈ మూల జర వంకర పోయింది,” అన్నది చివరికి.

“పిల్ల మూలకు పండది తియ్,” అన్నది తారాబాయి.

లేచి, బొంత కిందిదిక్కు తన చెంపకు ఆనిచ్చి, ఈ కొసకెల్లి ఆ కొసకు ఒకపారి గుంజింది. ఏం గుచ్చలే, ఏం పట్టలే. అప్పుడు తొట్టెల పరిచింది. పన్నెండుకు ఇంక అయిదు నిమిషాలున్నది. శిరీష పిల్లను పండవెట్టింది.

అమ్మమ్మ బొంత పరిస్తె మొదటి పాట నాయినమ్మ ఎత్తుకోవాలె. అది గూడ ఆ ఇండ్లల్ల కట్టుబాటే. అందరు చంద్రవ్వ దిక్కు చూసిండ్రు. చంద్రవ్వ గులాబి బ్లాంకెట్ చంకల అదుముకొని, పండ్లు గిట్టకరిచి, పిల్ల జడుసుకునేటంత గట్టిగ పాట ఎత్తుకున్నది. తారాబాయి తాడు ఇప్పి, నెత్తురు మరకల వేళ్లతోటి తొట్టె ఊపింది, పాట తాళానికి గాదు, తనకు నచ్చినట్టు.